పాత కన్వర్టబుల్ కొన్నాక మొదటి ఆరు నెలలు: నీళ్లు, రబ్బరు, ఇంకా నేను

ఈ ఎపిసోడ్ కారు పక్కనే నిలబడి చేద్దామనుకున్నా. బయట వాన. సరే, గరాజ్‌లోనే కూర్చున్నా. ఒక రకంగా ఇదే కరెక్ట్, ఎందుకంటే ఈ కారుతో నా గొడవ మొదలైందే వానతో.

కొన్న పదకొండో రోజు అది. రాత్రంతా దంచి కొట్టింది. పొద్దున ఆఫీసుకి వెళ్దామని డోర్ తీసి కూర్చున్నాను. కార్పెట్ మీద షూ పెట్టగానే తడి స్పాంజ్ మీద కాలేసినట్టు నీళ్లు పైకి ఊరాయి. సీటు వెనక చెయ్యి పెట్టి చూస్తే అక్కడ చిన్న మడుగు. ఆ ముందురోజే వీడియో కాల్‌లో వరంగల్ నుంచి మా అమ్మ అడిగింది, "టాపు గుడ్డతోని ఉందంటున్నవ్, వానొస్తే ఎట్ల బిడ్డా?" అని. నేను నవ్వేసి, "ఇవన్నీ ఆలోచించే చేస్తారమ్మా" అన్నాను. ఆలోచించే చేశారు, నిజమే. కాకపోతే వాళ్లు ఏం ఆలోచించారో నాకు తెలీదు.

కారు ఏంటో ముందు చెప్తా. మాజ్డా ఎమ్‌ఎక్స్-5, అమెరికాలో అందరూ మియాటా అంటారు. నాది 2002 మోడల్, అంటే రెండో తరం. 1.8 లీటర్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, రెండే సీట్లు, వెనక చక్రాలకి పవర్. బరువు టన్ను మీద కొంచెం. మొదటి మియాటాని 1989లో చికాగో ఆటో షోలో చూపించారు. 2016 కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల కన్వర్టబుల్ స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. అందుకే పాతవి దొరుకుతాయి, పార్టులు దొరుకుతాయి, రిపేర్ తెలిసినవాళ్లూ దొరుకుతారు. మాజ్డా మన దేశంలో కార్లు అమ్మదు కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు దీన్ని రోడ్డు మీద చూసి ఉండకపోవచ్చు. కానీ ఈ రోజు చెప్పేదాంట్లో చాలా వరకు ఏ పాత గుడ్డ టాపు కారుకైనా పనికొస్తుంది.

నేను ఉండేది డాలస్ పక్కన. 88,000 మైళ్లు తిరిగిన కారుని ఒక రిటైర్ అయిన పెద్దాయన దగ్గర కొన్నాను. ఆయన దాన్ని చాలా ఏళ్లు ఓక్ చెట్టు కింద పార్క్ చేశాడు. ఈ చెట్టు సంగతి గుర్తుపెట్టుకోండి.

తడి కార్పెట్ చూసి నేను చేసిన మొదటి పని, తెలిసిన ఒక షాపుకి పరిగెత్తడం. అక్కడ ఒక నిమిషం చూసి, "టాపు పోయింది, కొత్తది వెయ్యాలి" అని 1,400 డాలర్లు చెప్పారు. కారు కొన్నదే 5,800కి. ఇంటికొచ్చి టాపుని అంగుళం అంగుళం చూశాను. ఎక్కడా చిరుగు లేదు, కుట్లు ఊడలేదు. మరి నీళ్లు ఎక్కడివి?

ఇది జాగ్రత్తగా వినండి. నాకు 1,400 మిగిల్చింది ఇదే. ఈ కారు టాపు మీద పడ్డ వాన వెనక్కి జారుతుంది. గుడ్డ బాడీకి కలిసేచోట లోపల చిన్న తూము లాంటి పట్టీ ఉంటుంది. మన పెంకుటింటి చూరుకి కట్టే రేకు తూము లేదూ, అలాంటిదే. నీళ్లు అందులోకి వెళ్లి, సీట్‌బెల్ట్ స్తంభాల వెనక రెండు వైపులా ఉన్న రంధ్రాల్లోంచి గొట్టాల ద్వారా కిందకి దిగి, వెనక చక్రాలకి కాస్త ముందు నేల మీద పడతాయి. అంటే నీళ్లు కారు బాడీలోకి రావడం తప్పు కాదు, డిజైనే అది. బయటికి పోకపోవడమే తప్పు. ఆకులు, దుమ్ము, పుప్పొడి ఆ రంధ్రంలో పేరుకుని బురద బిరడాలా అయిపోతే నీళ్లు పొంగి సీట్ల వెనక దిగుతాయి. బ్రేక్ వేసినప్పుడల్లా కాళ్ల దగ్గరికి వస్తాయి. ఇంకొన్ని డోర్ కింద ఉండే గుల్ల భాగంలోకి చేరి, లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. బయట పెయింట్ మీద బుడగ కనపడేసరికి లోపల రేకు తినేసి ఉంటుంది. పాత మియాటాలు ఇంజిన్ పోయి కాదు, ఇలా తుప్పుతోనే ఎక్కువగా చస్తాయని నా అభిప్రాయం.

టెస్ట్ చాలా సింపుల్. టాపు సగం లేపి, ఫోన్ టార్చ్‌తో ఆ రంధ్రం వెతికి, ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పొయ్యండి. వెనక చక్రం ముందు ధారగా పడాలి. నాది కుడివైపు చుక్క కూడా పడలేదు. ఎడమవైపు ఏదో కారీకారనట్టు. గడ్డి కోసే మెషిన్‌లో పెట్టే లావు నైలాన్ తీగ ఉంటుంది కదా, అది మెల్లగా తోస్తూ, తిప్పుతూ, గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఒక గంట కూర్చున్నా. నల్లటి బురద, ఓక్ ఆకుల ముక్కలు... తర్వాత ఒక్కసారిగా గడగడమని దిగింది. ఆ శబ్దానికి నేను ఒక్కణ్ణే గరాజ్‌లో చప్పట్లు కొట్టా. ఇనప తీగ మాత్రం దూర్చకండి. గాలి మెషిన్‌తో గట్టిగా ఊదకండి. గొట్టం చిరిగినా, జాయింట్ దగ్గర ఊడినా నీళ్లు నేరుగా బాడీ లోపలికే వెళ్తాయి. అప్పుడు నిజంగానే ఖర్చు.

కార్పెట్ పైన ఆరితే సరిపోదు, దాని కింద మందంగా దూది లాంటి పొర ఉంటుంది. సీట్లు విప్పి, కార్పెట్ లేపి, ఫ్యాన్ పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టాను. ఇప్పుడు నెలకోసారి ఆ గ్లాసు నీళ్ల టెస్ట్ నాకు అలవాటైపోయింది. ఇక్కడ ఓక్ చెట్లు వసంతంలో ఆకు రాల్చే రకం, ఆ టైమ్‌లో వారానికోసారి.

ఇప్పుడు అసలు విషయం. ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించా, ఎందుకంటే మా ఆవిడకి పూర్తిగా చెప్పింది ఈ మధ్యే.

కారు కొనేటప్పుడు తను ఒకటే మాట అంది. "నువ్వు ఎంతైనా తిరుగు. పాపని ఇందులో ఎక్కించాలంటే మాత్రం ముందు నాకు నమ్మకం రావాలి." మా అమ్మాయికి 11 ఏళ్లు. కారు ఇంటికొచ్చిన రోజు నుంచి "డాడీ, నన్నెప్పుడు తీసుకెళ్తావ్?" అని ఒకటే గోల. ఆ శనివారం తీసుకెళ్తానని మాటిచ్చాను. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్నా, అప్పుడే చినుకులు ఆగాయి, రోడ్డు తడిగా ఉంది. హైవే నుంచి దిగే గుండ్రటి ర్యాంప్. పెద్ద స్పీడేం కాదు, రోజూ నా క్యామ్రీలో వెళ్లే స్పీడే. మలుపు మధ్యలో కొంచెం ఎక్కువైందేమో అనిపించి యాక్సిలరేటర్ మీద నుంచి టక్కున కాలు తీసేశా. అంతే. వెనక భాగం పక్కకి జారింది. స్టీరింగ్ తిప్పేలోపు కారు మొత్తం తిరిగి, వచ్చిన దారివైపు ముఖం పెట్టి ఆగింది. వెనకాల ఎవరూ లేరు. గోడకి ఓ రెండడుగుల దూరం. ఇంజిన్ ఆగిపోయింది, వైపర్లు మాత్రం తిరుగుతున్నాయి. పక్క సీటు వైపు చూశాను. ఆ ఖాళీ సీటు చూసి చేతులు వణికాయి.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. ఇంటికొచ్చి టైర్లు చూశా. గాడులు లోతుగానే ఉన్నాయి, కొనేటప్పుడు నేను చూసి మురిసిపోయింది కూడా అవే. కానీ టైరు పక్కన డాట్ అని రాసి, చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి. నా వాటి మీద 2310. అంటే 2010లో 23వ వారంలో తయారైనవి. నా చేతికొచ్చేసరికి వాటికి 14 ఏళ్లు! పెద్దాయన ఎక్కువ తిప్పలేదు కాబట్టి అరగలేదు. కానీ రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది, గట్టిపడుతుంది, తడి రోడ్డుని పట్టుకోదు. "తక్కువ తిరిగిన కారు" అని మనం సంబరపడతాం కదా, అందులో ఉన్న మెలిక ఇదే.

టైర్లది సగం తప్పు. మిగతా సగం నాది. మలుపులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందు చక్రాల మీదకి వెళ్తుంది, వెనక తేలికవుతుంది. చిన్న, పొట్టి కారులో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇప్పటి కార్లలో ఇలాంటప్పుడు కంప్యూటర్ ఒక్కో చక్రానికి బ్రేక్ వేసి కాపాడుతుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి అది తప్పనిసరి. నా కారులో లేదు. పదేళ్లుగా నాకు తెలీకుండా ఆ కంప్యూటర్ నన్ను ఎన్నిసార్లు కాపాడిందో, నేనేమో నా డ్రైవింగ్ గొప్పదనుకున్నా.

శనివారం పాపని తీసుకెళ్లలేదు. ఏడ్చింది. కొత్త టైర్లు నాలుగు, బిగించడంతో కలిపి 520 డాలర్లు అయ్యాయి. తర్వాత ఒక ఆదివారం డ్రైవింగ్ స్కూల్ వాళ్ల ఖాళీ గ్రౌండ్‌లో, నీళ్లు చల్లిన చోట, కోచ్ పక్కన కూర్చుని ఆ జారుడునే మళ్లీ మళ్లీ చేయించాడు. మలుపుకి ముందే స్పీడ్ తగ్గించు, మలుపులో కాలు నిలకడగా ఉంచు, తీయాల్సొస్తే మెల్లగా తియ్యి. వినడానికి చిన్న విషయమే, కాలికి నేర్పడానికి ఒక రోజంతా పట్టింది. నిజం చెప్తున్నా, నేను ఈ కారు మీద పెట్టిన డబ్బులో దేనికీ ఇంత విలువ రాలేదు. ముందుగా సైలెన్సర్, పెద్ద చక్రాలు, స్టిక్కర్లు అని ఒక లిస్ట్ రాసుకున్నా లెండి, అది ఇప్పటికీ ఫోన్‌లో అలాగే ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్లకి మార్చాలి. మార్చినట్టు రసీదు చూపిస్తే నమ్మండి, నోటిమాట అయితే మార్చలేదనే అనుకోండి. ఆ పనిలోనే వాటర్ పంప్ కూడా మార్పించేస్తే కూలీ ఒకసారే అవుతుంది. క్లచ్ హైడ్రాలిక్‌ది, దానికి కింద ఒక చిన్న సిలిండర్ ఉంటుంది. పాతబడితే కారుతుంది. ఒకరోజు పెడల్ నేలకి అంటుకుపోయి పైకి రాదు. పెడల్ మెత్తబడినప్పుడే చూపించుకోండి. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. మూసి ఉన్న చోటు కాబట్టి దాని గ్యాస్ బయటికి పోయేలా సన్నటి గొట్టం తగిలించే రకం బ్యాటరీయే వాడాలి. మామూలుది పెట్టేస్తే యాసిడ్ ఆవిరికి డిక్కీ తుప్పు పడుతుంది.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట. పాత కారుని తక్కువకి కొట్టేశాం అనుకుంటాం. ట్యాక్స్ 6.25 శాతం మాత్రం మనం ఇచ్చిన ధర మీదో, రాష్ట్రం లెక్కకట్టిన విలువలో 80 శాతం మీదో, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. పేరు మార్పిడి 30 రోజుల్లోపు చేయించుకోవాలి.

టాపు గురించి. ముందు అద్దం పైన రెండు క్లిప్పులు, అవి తీసి వెనక్కి వేస్తే అయిపోయింది, పది సెకన్ల పని. కానీ తడిగా ఉన్నప్పుడు మడవకండి, బూజు పడుతుంది. బాగా చలిగా ఉన్నప్పుడు మడవకండి, మెటీరియల్ బిగుసుకుని పగులుతుంది. నాది వినైల్. మెత్తటి గుడ్డ, తేలికపాటి సబ్బు నీళ్లు చాలు. కారులో ఏమీ పెట్టకుండా డోర్ లాక్ చేయకుండా వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. దొంగ టాపు కోసి లోపల చూసి ఏమీ లేక వెళ్లిపోతే, కోసిన టాపు ఖర్చు మనదే కదా. నేను అంత ధైర్యం చేయలేదు కానీ లోపల ఛార్జర్ కేబుల్ కూడా ఉంచను.

ఇంకొకటి, చాలామంది కుర్రాళ్లు మోసపోయేది. సీట్ల వెనక మెరిసే గొట్టాలు బిగించినవి కనపడతాయి. అవన్నీ కారు బోల్తా పడితే తలని కాపాడేవి కావు. చాలావరకు అందానికి పెట్టినవే. బాడీకి గట్టిగా బిగించి, బరువు మోసేలా టెస్ట్ చేసిన రోల్ బార్ వేరు. నేను అదే పెట్టించుకున్నా, వీపుకి ఆనించే సీటు కాస్త ముందుకి జరిగింది. పర్లేదు.

ఎండ సంగతి అడుగుతారు. మే నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ మధ్యాహ్నం టాపు తీస్తే పెనం మీద అట్టులా అయిపోతాం. పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఏడు తర్వాత. హైవే మీద పికప్ ట్రక్కుల పక్కన ఎక్కువసేపు ఉండను. వాళ్ల అద్దంలో నేను కనపడను. ఈ కారు ఎత్తే 1.23 మీటర్లు.

పాప సంగతి. 13 ఏళ్ల లోపు పిల్లలు వెనక సీట్లో ఉండటమే మంచిదంటారు, దీనికి వెనక సీటే లేదు. అందుకని మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని కొన్ని రూల్స్ పెట్టుకున్నాం. ఆ వైపు ఎయిర్‌బ్యాగ్‌ని తాళంతో ఆఫ్ చేసే స్విచ్ ఈ కారులో ఉంది, అది ఆఫ్. సీటు పూర్తిగా వెనక్కి. హైవే ఎక్కేది లేదు, వానలో లేదు, మా కాలనీ రోడ్లు మాత్రమే. ముందు మా ఆవిడ నా పక్కన కూర్చుని రెండు వారాలు తిరిగింది. ఆ గురువారం సంగతి మొత్తం చెప్పింది అప్పుడే. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ ర్యాంప్ మీదకే పోనివ్వు, చూస్తా" అంది. వెళ్లాం. మలుపుకి ముందే స్పీడ్ తగ్గించాను, కాలు కదల్చలేదు. కారు పట్టాల మీద వెళ్లినట్టు వెళ్లింది. తను నా కాలు వైపే చూస్తోంది, రోడ్డు వైపు కాదు.

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకి పాపని ఎక్కించుకున్నా. కాలనీ చుట్టూ మూడు రౌండ్లు, గంటకి పాతిక మైళ్లు. జుట్టంతా ముఖం మీద పడుతుంటే ఏదో అరుస్తోంది, గాలికి నాకు సగం వినపడలేదు. ఇంటి ముందు ఆపితే దిగకుండా, "డాడీ, ఆ గ్లాసు నీళ్ల టెస్ట్ ఇవాళ నేను చేస్తా" అంది. చేసింది. రెండు వైపులా ధార పడింది.

టైమింగ్ బెల్ట్ నేనే ఇంట్లో మార్చడానికి ట్రై చేస్తున్నా. అది వచ్చే ఎపిసోడ్‌లో, కారు అప్పటికి స్టార్ట్ అయితే. ఉంటాను మరి.