నాన్న చెప్పు ఎందుకు జారిపోయేది?

నా చిన్నప్పుడు నాన్న పొలం నుంచి ఇంటికొచ్చేసరికి కాలికి ఒక్క చెప్పే ఉండేది. రెండోది గట్టు మీద ఎక్కడో జారిపోయేది. జారిన సంగతి ఆయనకి తెలిసేదే కాదు. అన్నయ్యా నేనూ పోటీలు పడి వెతికి తెచ్చేవాళ్లం. మాకదో ఆట.

మాది ఆత్రేయపురం పక్కన చిన్న ఊరు. నాన్న మోకాలు బాగా పైకెత్తి, పాదం టప్పున కింద వేసి నడిచేవారు. అరికాలు నేలకి ఆనకుండా విల్లులా వంగి ఉండేది. ఊళ్లో వెనకాల ‘కొంగ నడక’ అనేవాళ్లు. తాతయ్యదీ అదే నడకట. "మా వంశం నడకే అంత" అని నాన్న నవ్వేసేవారు. ఒక డాక్టరు గారు వాతమన్నారు, ఇంకొకాయన నడుము దగ్గర నరం నొక్కుకుందన్నారు. సూదులు, నూనెలు, పథ్యాలు... ఏళ్లు గడిచిపోయాయి.

అన్నయ్యకి ఇరవై రెండేళ్లప్పుడు బైక్ బ్రేక్ మీద పాదం సరిగ్గా పడక కాలవలోకి దొర్లాడు. దెబ్బలు పెద్దగా తగల్లేదు గానీ, ఎందుకు పడలేదా పాదం అని ఆరా తీస్తే అసలు పేరు బయటపడింది. షార్కో-మరీ-టూత్. పంటి జబ్బు కాదండోయ్! 1886లో దీని గురించి రాసిన ముగ్గురు డాక్టర్ల పేర్లవి. షార్కో, మరీ ఇద్దరూ పారిస్ వాళ్లు, టూత్ ఇంగ్లండ్ ఆయన. ప్రపంచంలో సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అంటే మీ కాలేజీలోనూ ఒకరుండొచ్చు.

చేతి నరానికి చిన్న కరెంట్ షాకిచ్చి, కబురు ఎంత వేగంగా వెళ్తోందో కొలుస్తారు. మామూలుగా సెకనుకి 50 మీటర్లు, అంతకు పైనే. 38 కన్నా తగ్గితే ఈ జబ్బులో మొదటి రకమేమోనని అనుమానిస్తారు. అన్నయ్యది 22. ఆ తర్వాత రక్తంతో చేసిన జన్యు పరీక్షలో తేడా ఉన్న జన్యువు పేరొచ్చింది: ఎంపీజెడ్. అది తయారుచేసే ప్రోటీన్ పేరు పీ-జీరో.

ఆ రాత్రి ఫోన్‌లో దాని గురించి వెతుకుతూ కూర్చున్నాను. తెల్లారేసరికి నాకర్థమైంది ఏంటంటే, ఇది అమ్మ రోజూ చేసే పనే.

అమ్మ పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి తడిలో ముంచిన గుడ్డ ఇలా పరిచి అలా లాగితే, కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడతలు పెడుతుంది. నరం చుట్టూ ఉండే మైలిన్ కూడా అచ్చం ఇంతే. ష్వాన్ కణం అనే కణం తన పొరనే రేకులా సాగదీసి, నరం తీగ చుట్టూ పదుల కొద్దీ చుట్లు చుడుతుంది. అది కరెంట్ తీగకి ఇన్సులేషన్ లాంటిది. చుట్లు దగ్గరగా, మధ్యలో నీళ్లు లేకుండా బిగుసుకుంటేనే కబురు ఆ చుట్లున్న భాగాన్ని దాటేసి, ఖాళీ నుంచి ఖాళీకి గెంతుతూ దూసుకుపోతుంది. చుట్లు పాడైతే వేగం తగ్గుతుంది. కొన్నేళ్లకి లోపలి తీగా దెబ్బతింటుంది. నడుము నుంచి కాలి వేళ్ల దాకా ఉండేవి ఒంట్లో అన్నిటికన్నా పొడవాటి తీగలు కాబట్టి ముందు పాదాలే బలహీనపడతాయి. చెప్పు జారినా తెలియదు.

మరి చుట్టుకీ చుట్టుకీ మధ్య నెయ్యేది? మన చేతుల్లో, కాళ్లలో ఉండే మైలిన్లో అన్నిటికన్నా ఎక్కువగా దొరికే ప్రోటీన్ ఈ పీ-జీరోనే. ఇది పొరలో గుచ్చిన మేకులా ఉంటుంది. పొర బయట ఉన్న తల ఎదుటి పొర తలల్ని పట్టుకుంటుంది. లోపలివైపు 69 అమైనో ఆమ్లాల తోక ఒకటి ఉంటుంది. నన్ను ఆపేసింది ఈ తోకే. నీళ్లలో ఉన్నంతసేపూ దానికో ఆకారమంటూ లేదు, తెగిన దారంలా వేలాడుతుంది. పొర తగలగానే మెలి తిరిగి దానికి అతుక్కుంటుంది.

ఎలా అతుక్కుంటుంది? గోదావరికి వరదొచ్చి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు బిందెలో పటిక తిప్పడం చూసే ఉంటారు. బురద రేణువులన్నిటికీ మైనస్ ఛార్జ్, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియంది ప్లస్. అది పడగానే బురద ముద్దకట్టి కిందికి దిగుతుంది. పీ-జీరో తోక నిండా ప్లస్ ఛార్జులే. కణం పొర లోపలి ముఖం మీదున్న కొన్ని కొవ్వు అణువులది మైనస్. ఇక చెప్పేదేముంది, అతుకు పడుతుంది. ఆ వైపు పొరల మధ్య దూరం మూడు నానోమీటర్లే. వెంట్రుక మందంలో సుమారు పాతిక వేలో వంతన్నమాట.

ఈ అతుకుని ప్రయోగశాలలో చూడాలంటే కొవ్వుతో సన్నటి బుడగలు చేసి, ప్రోటీన్ కలుపుతారు. బుడగలు ఒకదానికొకటి అంటుకునే కొద్దీ తేట నీళ్లు మసకబారతాయి. ఇక్కడ మన భీమవరం గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడే పుట్టారు, రాజమండ్రిలో చదివారు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి ప్రచురించారు. భాస్వరం ఎంతుంటే నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. కణం పొరలోని చాలా కొవ్వు అణువుల తలల్లో భాస్వరమే ఉంటుంది. అందుకే ఇలాంటి బుడగల్లో కొవ్వు ఎంతుందో తేల్చడానికి ఆ నీలిరంగు లెక్కనే కాస్త మార్చి ఇప్పటికీ వాడతారు.

సరే, తోక సంగతి. జబ్బు అంటే జిగురు వదులైపోవడమే అనుకున్నాను నేను. నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధన చదివాక ఆ నమ్మకం పోయింది. రోగుల్లో కనిపించిన ఆరు మార్పుల్ని ఒక్కొక్కటిగా ఈ తోకలో పెట్టి చూశారు. కొన్నిటితో పెద్ద తేడానే లేదు. డీ-224-వై అనే మార్పు మాత్రం పొరల్ని మరీ బిగుతుగా, దొంతరలుగా పేర్చేసింది. 224వ స్థానంలో మైనస్ ఛార్జున్న అమైనో ఆమ్లం పోయి, ఛార్జు లేనిది వచ్చింది, అంతే. ఆ మార్పున్న రోగుల నరాల్లో మైలిన్ ఉండాల్సిన దానికన్నా మందంగా కనిపించింది. అంటే జిగురు ఎక్కువైనా జబ్బే! అమ్మకి చెబితే, "నెయ్యి ఎక్కువైతే రేకు ముద్దవుతుందే, ఆ మాత్రం తెలీదా?" అంది.

అన్నయ్య రిపోర్టులో ఉన్నది ఆ ఆరింటిలోది కాదు. ఈ జబ్బుని పూర్తిగా నయం చేసే మందూ ఇంకా రాలేదు. కానీ చేయగలిగినవి ఉన్నాయి. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ స్ప్లింట్, ఫిజియోథెరపీ, కాలికి పుండ్లు పడకుండా రోజూ చూసుకోవడం. ఇంకోటి, క్యాన్సర్‌కి ఇచ్చే విన్‌క్రిస్టిన్ అనే మందు ఈ జబ్బున్నవాళ్ల నరాల్ని దారుణంగా దెబ్బతీయొచ్చు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందే చెప్పాలి. జన్యు సలహా కావాలంటే హైదరాబాద్ నిమ్స్‌లో దానికోసం విభాగమే ఉంది.

ఇప్పుడు అసలు గొడవ. నాకు సంబంధాలు చూస్తున్నారు. ఈ రకం జబ్బు అమ్మా నాన్నల్లో ఒక్కరి నుంచే వస్తుంది. నాకు వచ్చే అవకాశం సగానికి సగం. నాకుంటే నా పిల్లల్లో ప్రతి ఒక్కరికీ మళ్లీ సగం. "బయట సంబంధమైతే ఏం చెప్తామే? మా తమ్ముడి కొడుక్కే చేసేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు" అంది అమ్మ. మేనరికం వల్ల ఈ లెక్క మారదమ్మా అన్నాను. తల్లిదండ్రులిద్దరి దగ్గరా బయటపడకుండా దాగి, పిల్లల్లో తేలే రకాలు వేరే ఉన్నాయి, వాటికైతే మేనరికం ఇంకా ప్రమాదం. మాది అది కాదు. బావకి ఫోన్ చేసి నేనే అంతా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టెస్టు ఎప్పుడు? నేనూ వస్తా" అన్నాడు. పెళ్లి మాట మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు.

వచ్చే సోమవారం రాజమండ్రి వెళ్తున్నాను, ముందు నరం వేగం చూస్తారు. నాన్నకి మొన్న వెనక బెల్టున్న శాండిల్స్ కొన్నాం. రెండూ కాళ్లకే ఉంటున్నాయి, గట్టు మీద వెతకాల్సిన పని తప్పింది.