ముద్దకు జోడు పప్పా, గడ్డా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు మెట్ట పల్లెలలో రాగిముద్దకు జోడుగా ఉలవచారో, అలసంద పప్పో, చలికాలమున అనపగింజల పితికిపప్పో ఉండుట వాడుక. కందిపప్పు ధర పెరిగిన యేట పప్పు మాని ఉర్లగడ్డ కూరతో పూట గడుపుకొను ఇండ్లు కలవు. కడుపు నిండును గనుక లోటు వెంటనే కనబడదు. ఎదిగే పిల్లలలోను, గర్భిణులలోను, పాలిచ్చు తల్లులలోను అది మెల్లగా బయటపడును. కావున పప్పుధాన్యములలో ఏమున్నది, గడ్డలలో ఏమున్నది అను విషయము రైతు సోదరులు తెలిసికొనవలెను.

1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాములలో ఉండు మాంసకృత్తులు, క్యాలరీలు సుమారుగా ఇట్లున్నవి:

కందిపప్పు – 22 గ్రాములు, 335 క్యాలరీలు
ఉలవలు – 22 గ్రాములు, 321 క్యాలరీలు
అలసందలు – 24 గ్రాములు, 323 క్యాలరీలు
ఎండు అనపగింజలు – 25 గ్రాములు, 347 క్యాలరీలు
ఉర్లగడ్డ – 1.6 గ్రాములు, 97 క్యాలరీలు
గెణుసుగడ్డ – 1.2 గ్రాములు, 120 క్యాలరీలు
క్యారెట్టు – 0.9 గ్రాము, 48 క్యాలరీలు
ముల్లంగి – 0.7 గ్రాము, 17 క్యాలరీలు

ఇచట ఒక సంగతి గమనింపవలెను. పప్పులు ఎండు సరుకు. గడ్డలలో అధిక భాగము నీరే. పప్పు ఉడికినపుడు నీరు పీల్చి రెండున్నర రెట్లు తూగును. అయినను ఉడికిన పప్పులో ఉర్లగడ్డకంటె సుమారు ఐదు రెట్లు మాంసకృత్తులుండును. 50 గ్రాముల కందిపప్పు ఇచ్చు మాంసకృత్తులు ఉర్లగడ్డల నుండి రావలెనన్న 700 గ్రాములు తినవలెను.

ఇంటి లెక్క

55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 300 గ్రాముల రాగులలో 22, 85 గ్రాముల పప్పులో 19, గుప్పెడు వేరుశనగ గింజలలో 6 – మొత్తము 47 గ్రాములు వచ్చును. పప్పు మాని 200 గ్రాముల ఉర్లగడ్డ వండినచో అది 31 గ్రాములకు పడిపోవును. పైగా రాగులలో కొరతగా ఉండు లైసిన్ పప్పులలో సమృద్ధిగా ఉన్నది. ముద్ద, పప్పు కలిసినపుడే రెండింటి బలము ఒంటికి పట్టును.

గడ్డల గొప్ప

గడ్డలు పనికిరానివని తలపరాదు. ఎండు పప్పులలో విటమిను 'సి' దాదాపు లేదు. ఉర్లగడ్డ, గెణుసుగడ్డ, ముల్లంగి దానిని ఇచ్చును. ఉలవలలోని ఇనుమును దేహము గ్రహించుటకు ఆ విటమిను తోడ్పడును. కంటి చూపుకు మేలు చేయు కెరోటిన్ క్యారెట్టులోను, నారింజరంగు గెణుసులోను మెండు; కొంచెము నూనెతో వండిన బాగుగా వంటబట్టును. గడ్డలను తొక్కతోనే ఉడికించుడు. ముల్లంగి ఆకును పారవేయక పప్పులో వేయుడు. ఉలవలను మొలకెత్తించి వండినచో విటమిను 'సి' కొంత వాటిలోనే పుట్టును.

పొలములో చేయదగినది

ఉలవ, అలసంద, కంది వానమీదనే పండును. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరుకు అందించును. వేరుశనగలో కంది సాళ్లు, రాగిలో అనప సాళ్లు మానరాదు. గడ్డలకు తడి కావలెను. కావున బావి క్రింద గాని, పెరటిలో వాడుక నీరు పారుచోట గాని చిన్న మడి చాలును. ముల్లంగి నెలన్నరలో చేతికి వచ్చును.

పంట యంతయు అంగడికి తోలి, తరువాత పప్పు కొనలేక విడుచుట నష్టము. కళ్లములోనే ఏడాదికి సరిపడు ఉలవలు, కందులు ఇంటికి తీసి ఉంచుడు. గ్రామోద్యోగులు ఈ లెక్కను గ్రామసభలలో తల్లులకు వివరించినచో మేలగును. కంచములో ముద్ద ప్రక్కన పప్పు ఉండవలెను; పప్పులో గడ్డ, ఆకు ఉండవలెను.