చక్రాన్ని కొలిచే చిన్న చక్రం

ఎద్దుబండి చక్రం మీది ఇనుప పట్టాను ఎప్పుడైనా పరిశీలించారా? కొయ్యకూ ఇనుముకూ మధ్య జిగురు ఉండదు. అయినా రాళ్ల బాటలో బరువు మోస్తూ ఏళ్లతరబడి అది ఊడదు. ఈ పట్టు కొలిమిలోనే పుట్టిందనుకుంటాం. నిజానికి అంతకుముందే, కొలతలో దాని బలం నిర్ణయమైపోతుంది.

ఇంగ్లండ్‌లో బండిచక్రాలు చేసేవారు ఈ కొలతకు ‘ట్రావెలర్’ అనే పనిముట్టు వాడేవారు. పిడికి అమర్చిన పలుచని ఇనుప బిళ్ల అది. అంచున ఒక గుర్తు ఉంటుంది. దాన్ని కొయ్య చక్రం చుట్టూ దొర్లిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతారు. మిగిలిన కొసకు సుద్దతో గీత పెడతారు. పట్టా రెండు కొసలూ అతికి వలయమయ్యాక, దాని లోపలి అంచు వెంట మళ్లీ అదే బిళ్లను దొర్లిస్తారు. ఇక్కడ అంగుళాలు అక్కర్లేదు, ‘పై’ విలువ అసలే అక్కర్లేదు. రెండింటినీ ఒకే బిళ్లతో కొలిచారు కదా, తేడా తెలిస్తే చాలు.

ఆ తేడాలోనే ఉంది కిటుకంతా. వలయం చక్రం కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి. ఒక్కో డిగ్రీ వేడికి ఇనుము తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు సాగుతుంది. వినడానికి ఎంతో స్వల్పం. కానీ 1.4 మీటర్ల వ్యాసమున్న చక్రం చుట్టుకొలత దాదాపు 4.4 మీటర్లు. పట్టా వేడిని 500 డిగ్రీలు పెంచితే అది సుమారు 26 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎర్రగా కాలిన పట్టాను పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో దించి, కొయ్య అంటుకునేలోగా నీళ్లు కుమ్మరిస్తారు. ముడుచుకుంటున్న ఇనుము పూటీలను ఒకదానితో ఒకటి నొక్కి, ఆకులను నడిమి దుంగలోకి బిగిస్తుంది. కీళ్లు కిర్రుమంటాయి. మన పల్లెల్లో పిడకల మంట మీద కమ్మరి చేసేదీ ఇదే.

తేడా తక్కువైతే పట్టా వదులు. ఎక్కువైతే కొయ్య మీద ఒత్తిడి మితిమీరి చక్రం వంకరపోతుంది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌హామ్‌లో ఇలాంటి కార్ఖానా నడిపిన జార్జ్ స్టర్ట్ 1923లో ‘ది వీల్‌రైట్స్ షాప్’ అనే పుస్తకంలో ఈ వృత్తిని నమోదు చేశారు. అక్కడ నడిమి దుంగకు ఎల్మ్, ఆకులకు ఓక్, పూటీలకు యాష్ కొయ్య వాడేవారు. ఓక్‌ను రంపంతో కోయరు, నార వెంట చీలుస్తారు. నార తెగకపోతేనే ఆకు విరగదు.

ఇంత చేసినా ఎండలు ముదిరితే కొయ్య ఆరి కుంచించుకుపోతుంది, పట్టా మళ్లీ వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని నీళ్లలో నానబెడతారు. అదీ చాలకపోతే పట్టాను కోసి, కురచ చేసి, మళ్లీ అతికించాలి. ఆ పనికి ముందు బిళ్ల మరోసారి దొర్లాల్సిందే.