కారు అద్దంపై ఫాగ్ పడుతోందా? ఏసీ బటన్ నొక్కే ముందు ఒక్కసారి వైపర్ వేసి చూడండి

ఏసీ కారులోంచి విశాఖ బీచ్ రోడ్డులో దిగి, ఫొటో తీద్దామని ఫోన్ బయటికి తీస్తే స్క్రీన్‌ మీద అంతా తెల్లగా, మసకగా కనిపించిందా? కంగారు పడకండి, కెమెరా పాడవలేదు. ఏసీకి చల్లబడిన లెన్స్ మీద బయటి తేమ పేరుకుంది, అంతే. మెత్తటి గుడ్డతో తుడిచి కాసేపు ఆగితే సరిపోతుంది.

కానీ ఇదే సీన్ కారు విండ్‌షీల్డ్ మీద జరిగితే? అదీ రాత్రిపూట, వర్షంలో, ఎదురుగా లారీ లైట్లు కొడుతుంటే? గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్‌లో కారు రెండు సెకన్లలో దాదాపు 44 మీటర్లు వెళ్లిపోతుంది. అంత దూరం మీరు రోడ్డు చూడకుండా నడిపినట్టే.

ఇలాంటప్పుడు పక్క సీట్లో ఉన్నవాళ్లు ఒకరు ఏసీ పెంచమంటారు, ఇంకొకరు ఆపేయమంటారు. నిజానికి సందర్భాన్ని బట్టి ఇద్దరూ కరెక్టే. ఫాగ్ అద్దానికి ఏ వైపు పట్టిందన్నదే అసలు ప్రశ్న.

అసలు ఫాగ్ ఎందుకు పడుతుంది?

గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో గరిష్ఠంగా 30 గ్రాముల దాకా ఆవిరి ఉండగలదు. అదే 20 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 17 గ్రాములే. మిగతాది నీళ్లుగా మారక తప్పదు. గాలి చల్లబడుతూ ఉంటే ఏ టెంపరేచర్ దగ్గర ఇలా నీళ్లుగా మారడం మొదలవుతుందో దాన్నే డ్యూ పాయింట్ అంటారు. అద్దం అంతకంటే చల్లబడితే, ఆ వైపు ఉన్న తేమ దానికి పట్టేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ బాటిల్‌కి చెమట పట్టినట్టే.

ముందు ఈ టెస్ట్ చేయండి

వైపర్‌ని ఒక్కసారి తిప్పండి. అద్దం క్లియర్ అయితే ఫాగ్ బయట ఉన్నట్టు. మసక అలాగే ఉంటే లోపల ఉన్నట్టు. పక్క అద్దాలకైతే లోపలి నుంచి వేలితో చిన్న గీత గీయండి. గీత పడితే లోపలే.

ఫాగ్ లోపల ఉంటే

వర్షంలోనూ, లంబసింగి, అరకు లాంటి చోట్ల చలికాలం పొద్దున్నేనూ ఎక్కువగా జరిగేది ఇదే. బయట అద్దం చల్లగా ఉంటుంది. లోపల నలుగురి ఊపిరి, తడిసిన బట్టలు, గొడుగు, మ్యాట్లు కలిసి తేమను పెంచేస్తాయి. అప్పుడు ఇలా చేయండి:

1. ఫ్రంట్ డీఫ్రాస్ట్ ఆన్ చేయండి. విండ్‌షీల్డ్ బొమ్మ మీద వంకర బాణాలు పైకి వెళ్తున్నట్టు ఉండే గుర్తు ఇదే.
2. ఏసీ ఆన్‌లోనే ఉంచండి.
3. రీసర్క్యులేషన్ ఆపి, బయటి గాలి వచ్చే మోడ్ పెట్టండి. కారు బొమ్మ లోపల బాణం తిరుగుతున్నట్టు ఉంటే అది రీసర్క్యులేషన్. బాణం బయటి నుంచి లోపలికి వస్తున్నట్టు ఉంటే ఫ్రెష్ ఎయిర్.
4. టెంపరేచర్‌ని వేడి వైపు తిప్పి, ఫ్యాన్ స్పీడ్ పెంచండి.

ఏసీ, హీటర్ రెండూ ఒకేసారా? అవును! ఏసీ అంటే చల్లదనం ఒక్కటే కాదు. గాలి చల్లటి ఎవాపరేటర్‌ని తాకగానే అందులోని తేమ నీళ్లుగా మారి పైపు గుండా కిందికి కారిపోతుంది. పార్క్ చేసిన కారు కింద కనిపించే నీళ్లు అవే. అలా పొడిబారిన గాలిని హీటర్ వేడి చేస్తుంది. పొడి గాలి అద్దం మీది తేమను లాగేస్తుంది, వేడి అద్దాన్ని డ్యూ పాయింట్ పైకి తెస్తుంది.

ఫాగ్ బయట ఉంటే

ఇది ఉక్కపోత రాత్రుల సమస్య. బయట 28 డిగ్రీలు, 90 శాతం తేమ ఉందనుకుందాం. డ్యూ పాయింట్ సుమారు 26 డిగ్రీలు. మీరేమో ఏసీని 18లో పెట్టి, గాలిని అద్దం మీదికి వదిలారు. అద్దం 26 కంటే కిందికి దిగగానే బయట మసక మొదలు.

ఇక్కడ చేయాల్సింది సరిగ్గా రివర్స్. వైపర్ వేయండి, అద్దం మీదికి వెళ్లే చల్లగాలిని ముఖం లేదా కాళ్ల వైపు తిప్పండి, ఏసీ టెంపరేచర్ కొన్ని డిగ్రీలు పెంచండి. ఈ టైమ్‌లో ఏసీని ఇంకా తగ్గిస్తే ఫాగ్ ఇంకా పెరుగుతుంది.

ఏసీ ఆపగానే మళ్లీ ఎందుకు వస్తుంది?

చలిగా ఉందని ఏసీ ఆపి, ఫ్యాన్ మాత్రం ఉంచుతారు. నిమిషాల్లోనే లోపల మసక. కారణం సింపుల్. ఎవాపరేటర్ ఇంకా తడిగానే ఉంటుంది. దాని మీదుగా వీచే గాలి ఆ తేమనంతా తిరిగి క్యాబిన్‌లోకి మోసుకొస్తుంది. అందుకే వర్షం ఆగేదాకా ఏసీ ఆపకండి. చలేస్తే టెంపరేచర్ పెంచుకోండి.

ఇవి కూడా గుర్తుంచుకోండి

* అద్దం లోపలి వైపు పేరుకునే సన్నటి జిడ్డు పొరకు ఫాగ్ త్వరగా పడుతుంది. గ్లాస్ క్లీనర్, శుభ్రమైన మైక్రోఫైబర్ క్లాత్‌తో అప్పుడప్పుడు తుడవండి.
* డ్రైవ్ చేస్తూ చేత్తో తుడవకండి. మరకలు మిగులుతాయి, ఎదుటి లైట్లు పడితే ఇంకా ఇబ్బంది.
* వెనక అద్దంలోని సన్నటి గీతలు డీఫాగర్ హీటింగ్ వైర్లు. వాటి మీద స్టిక్కర్లు అతికించి గట్టిగా పీకితే తెగిపోవచ్చు.
* క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి, అద్దం క్లియర్ అవడానికి ఎక్కువ టైమ్ పడుతుంది.
* ఈవీల్లో హీటర్ బ్యాటరీ కరెంటునే వాడుతుంది. అద్దం క్లియర్ అయ్యాక వేడి తగ్గిస్తే రేంజ్ కలిసొస్తుంది. పెట్రోల్, డీజిల్ కార్లలో ఇంజిన్ నుంచి ఎలాగూ వృథాగా పోయే వేడే హీటర్‌కి వెళ్తుంది.
* విండ్‌షీల్డ్ వెనక అడాస్ కెమెరా ఉన్న కార్లలో, దాని ముందు మసక పడితే లేన్ అసిస్ట్ లాంటి ఫీచర్లు పని చేయకపోవచ్చు. డ్యాష్‌క్యామ్‌కీ అదే బాధ.

ఏది చేసినా క్లియర్ కాకపోతే మొండిగా ముందుకెళ్లకండి. హజార్డ్ లైట్లు వేసి, సేఫ్‌గా పక్కకు ఆపి, అద్దం పూర్తిగా కనిపించాకే కదలండి. ఈ బటన్లు ఎక్కడున్నాయో తెలుసుకోవాల్సింది కూడా వర్షంలో కాదు. ఈరోజే, కారు పార్కింగ్‌లో ఉండగానే ఒకసారి నొక్కి చూసుకోండి.