ఎన్నికల వ్యయ పరిమితి, ద్రవ్యోల్బణం

ఎన్నికల వ్యయ పరిమితి అనగా ఒక అభ్యర్థి తన ఎన్నికకై చట్టప్రకారం ఖర్చు చేయదగిన గరిష్ఠ మొత్తం. భారతదేశంలో దీనికి ఆధారం 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షను. మొత్తం ఎంత అన్నది మాత్రం 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలోని 90వ నియమంలో ఉంటుంది. ఎన్నికల సంఘంతో సంప్రదించి కేంద్ర ప్రభుత్వం ఆ నియమాన్ని సవరించినప్పుడే పరిమితి మారుతుంది. ధరలతోపాటు దానంతట అది పెరిగే ఏర్పాటు లేదు.

పరిమితి, దాని అసలు విలువ

బాపట్ల జిల్లాలోని వేటపాలెం మండలం చీరాల శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. రాష్ట్రంలోని ఇతర నియోజకవర్గాల వలెనే ఇక్కడ శాసనసభ అభ్యర్థికి పరిమితి 2004, 2009 ఎన్నికలలో 10 లక్షల రూపాయలు, 2014, 2019లలో 28 లక్షలు, 2024లో 40 లక్షలు. పైకి చూడగా ఇరవై ఏళ్ళలో నాలుగింతలయినది.

ఆదాయపు పన్ను లెక్కలలో వాడే వ్యయ ద్రవ్యోల్బణ సూచీ 2004-05లో 113, 2009-10లో 148, 2014-15లో 240, 2019-20లో 289, 2024-25లో 363. పరిమితిని 113తో గుణించి ఆ సంవత్సరపు సూచీతో భాగించినచో 2004 నాటి రూపాయలలో దాని విలువ తెలుస్తుంది. అది 2009లో సుమారు 7.6 లక్షలు, 2014లో 13.2, 2019లో 10.9, 2024లో 12.5 లక్షలు. అనగా ఇరవై ఏళ్ళలో నిజంగా పెరిగినది నాలుగవ వంతు మాత్రమే. అదియును మెట్లుమెట్లుగా పెరిగి, నడుమ తరుగుతూ వచ్చినది. పైగా ఈ సూచీ పట్టణ వినియోగదారుల ధరల పెరుగుదలలో 75 శాతాన్నే లెక్కకు తీసుకొంటుంది కనుక అసలు తరుగు ఇంకా ఎక్కువే.

2022 నాటి పెంపు

2020లో కోవిడ్ కారణంగా పరిమితులను 10 శాతం పెంచినారు. తరువాత ఎన్నికల సంఘం నియమించిన కమిటీ రెండు అంశాలను పరిశీలించినది: 2014-15 నుండి సూచీ 240 నుండి 317కు, ఓటర్ల సంఖ్య 83.4 కోట్ల నుండి 93.6 కోట్లకు పెరిగినవి. ధరలను మాత్రమే చూచినచో 28 లక్షలు సుమారు 37 లక్షలు కావలెను. ఓటర్లను కూడ కలిపినచో 41.5 లక్షలు. 2022 జనవరిలో నిర్ణయించినది 40 లక్షలు. లోక్‌సభకు 70 లక్షలుగా ఉన్నది 95 లక్షలయినది.

ఆచరణలో

ఎన్నికల వేళ జిల్లా ఎన్నికల అధికారి షామియానా, కుర్చీలు, మైకు, వాహనాల అద్దె, భోజనం మొదలైనవాటికి ధరల పట్టిక నిర్ణయిస్తారు. అభ్యర్థుల ఖర్చును దానినిబట్టి లెక్క కడతారు. పట్టిక బజారు ధరను అనుసరిస్తుంది, పరిమితి అనుసరించదు; చిక్కంతా ఇక్కడే. పరిమితి మరీ బిగిసినచో ఖర్చు లెక్కలకెక్కక పోవచ్చును. మరీ సడలినచో, సొంత సొమ్ము లేని అభ్యర్థికి ఉన్న కొద్దిపాటి రక్షణయు పోవును. ఫలితం వెలువడిన 30 రోజులలో లెక్కలు సమర్పించవలెను. సరైన కారణం లేక సమర్పించనివారిపై 3 సంవత్సరాల అనర్హత వేటు పడవచ్చును.

పార్టీల ఖర్చు

పార్టీల సాధారణ ప్రచారానికి పరిమితియే లేదు. అభ్యర్థి ఆమోదంతో పార్టీ అతని కొరకు చేసిన ఖర్చు అతని లెక్కలోనికే వచ్చునని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి పార్టీ ఖర్చును మినహాయించినారు. 2003 సవరణతో ఆ మినహాయింపు పార్టీ నాయకుల ప్రయాణ ఖర్చులకు మాత్రమే పరిమితమయినది.

ఇతర దేశాలు

కెనడాలో అభ్యర్థి పరిమితిని నియోజకవర్గపు ఓటర్ల సంఖ్యనుబట్టి లెక్కించి, ద్రవ్యోల్బణ గుణకంతో సవరిస్తారు. బ్రిటన్‌లో చాలాకాలం కదలని పార్టీల వ్యయ పరిమితులను 2023లో ఒక్కసారిగా సుమారు 80 శాతం పెంచినారు.