లింకుకు ముఖం

వాట్సాప్ గ్రూపులో ఎవరైనా లింకు పెడితే దానితోపాటే ఒక చిన్న పెట్టె కనబడుతుంది. అందులో ఒక బొమ్మ, రెండు వరుసల శీర్షిక, సైటు పేరు ఉంటాయి. సోషల్ మీడియాలో తమ సైటో యాపో పదిమందికీ చేరాలని కోరుకునే వెబ్ డెవలపర్లు ఈ పెట్టెను, అంటే లింకు కార్డును, ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దుకుంటారు. సాధారణంగా ఇది ప్రచార విభాగం పని అనుకుంటారు. కార్డు రచనలో భాగమనీ, చాలామంది పాఠకులకు చేరే మొత్తం రచన అదేననీ, కాబట్టి రచనకు పెట్టే నియమాలన్నీ దానికీ పెట్టాలనీ నా వాదన. ఈ పరికరం ఎలా పుట్టిందో, ఎలా పనిచేస్తుందో చూస్తే అందుకు ఆధారాలు దొరుకుతాయి.

మొదట్లో లింకు అంటే వట్టి అక్షరాల వరుస. దాన్ని ఫేస్‌బుక్‌లో అతికిస్తే అవతలి పేజీలో ఏముందో ఫేస్‌బుక్ ప్రోగ్రామే ఊహించుకోవాల్సి వచ్చేది. వెబ్ పేజీ మనిషి కంటి కోసం తయారైన వస్తువు. ఏది శీర్షికో, ఏది అసలు ఫొటోనో, ఏది పక్కన వేసిన వ్యాపార ప్రకటనో మనం ఒక్క చూపులో పోల్చుకుంటాం. అప్పటి ప్రోగ్రాములకు అది చేతనయ్యేది కాదు. 2010 ఏప్రిల్ 21న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎఫ్8 అనే డెవలపర్ల సమావేశంలో ఫేస్‌బుక్ దీనికొక మార్గం ప్రకటించింది. దాని పేరు ఓపెన్ గ్రాఫ్ ప్రోటోకాల్. పేజీ తానేమిటో తానే చెప్పుకోవాలన్నది దాని సూత్రం. పాఠకుడికి కనబడని హెడ్ భాగంలో శీర్షిక, రకం, బొమ్మ, శాశ్వత చిరునామా చెప్పే నాలుగు మెటా ట్యాగులు రాసిపెట్టాలి. లింకు అతికించగానే క్రాలర్ అనే ప్రోగ్రాము పేజీకి వెళ్లి వాటిని చదువుకుని వచ్చి కార్డు కడుతుంది. 2012లో ట్విటర్ సొంత కార్డులు తెచ్చినా, తన ట్యాగులు లేనిచోట ఓపెన్ గ్రాఫ్ ట్యాగులనే చదివే ఏర్పాటు చేసుకుంది. లింక్డ్‌ఇన్, టెలిగ్రామ్, వాట్సాప్ కూడా వాటినే చదువుతాయి. ఒక కంపెనీ తన అవసరానికి రాసుకున్న నాలుగు వరుసలు అలా వెబ్ అంతటా వాడుకలోకి వచ్చాయి.

దీనివల్ల తెలుగుకు జరిగిన మేలు చిన్నది కాదు. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా ప్రయాణించవు. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చిరునామాలోకి వచ్చేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో మొదలయ్యే మూడు గుర్తులవుతుంది. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలున్నాయి. చిరునామాలో అవి 54 గుర్తులుగా సాగుతాయి. తెలుగు వికీపీడియా పేజీ లింకు కాపీ చేసి పంపినవాళ్లందరికీ ఆ శాతం గుర్తుల గొలుసు పరిచయమే. లోపల ఏముందో దాన్నిబట్టి చెప్పడం ఎవరి తరమూ కాదు. కార్డు వచ్చాక శీర్షిక తెలుగు లిపిలోనే కనబడింది. పైసా ఖర్చు లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, జిల్లా స్థాయి పత్రికా పెద్ద ఆంగ్ల పత్రికా ఒకే కొలత పెట్టెలో నిలబడగలిగాయి. సోషల్ మీడియా కోసం సైటు కట్టడమే తప్పు అనేవాళ్లు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

అయితే పేజీ తన గురించి తానే చెప్పుకోవచ్చు అన్నాక, ఉన్నదే చెబుతుందన్న హామీ ఎక్కడుంది? లోపలి శీర్షిక ఒకటి, కార్డుకు ఇచ్చే శీర్షిక ఇంకొకటి కావచ్చు. రెంటినీ సరిపోల్చే ఏర్పాటు ప్రోటోకాల్‌లో లేదు. ధర పెంచే ఆలోచన ఉందని మాత్రమే చెప్పే కథనానికి కార్డు మీద ధర పెరిగిపోయిందని రాయడానికి ఒక్క వరుస మారిస్తే చాలు. ఆ మార్పు ప్రభావం ఎంతో తెలియాలంటే కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని ఇన్‌రియా సంస్థల పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనం చూడాలి. ఐదు పెద్ద వార్తా సంస్థల లింకులు ట్విటర్‌లో ఎలా తిరిగాయో వాళ్లు పరిశీలించారు. జనం పంచుకున్న లింకుల్లో 59 శాతాన్ని ఒక్కరు కూడా నొక్కలేదని తేలింది. అంటే ఆ లింకుల విషయంలో తిరిగింది పైపై మాటలే. వాటి ద్వారా లోపలి వ్యాసం ఎవరి కంటా పడలేదు.

శీర్షికలు చదివి పేపరు మడిచేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు కదా అని అడగవచ్చు. ఉన్నారు. కానీ పేపరులో శీర్షికా వార్తా ఒకే కాగితం మీద ఉంటాయి, చేతులు మారినా కలిసే మారతాయి. అనుమానం వచ్చినవాడు కన్ను కిందికి దించితే చాలు. కార్డు మాత్రం వార్తను వెనక్కి వదిలి ఒంటరిగా ప్రయాణిస్తుంది. తప్పు చదవని పాఠకుడిదే అన్న మాట కూడా నిలవదు. 2020లో ట్విటర్ ఒక ప్రయోగం చేసింది. లింకు తెరవకుండానే రీట్వీట్ చేయబోయేవాళ్లను ముందు చదువుతారా అని అడిగింది. ఆ ప్రశ్న ఎదురైనవాళ్లు వ్యాసాలు తెరవడం 40 శాతం పెరిగిందని ఆ సంస్థే ప్రకటించింది. ఒక్క ప్రశ్నతో ఇంత మారే అలవాటును పాఠకుడి స్వభావం అనడం అన్యాయం. అందులో యాపు కట్టినవాళ్ల చేయి చాలా ఉంది. ఫేస్‌బుక్ కథ కూడా అదే చెబుతుంది. అక్కడ పేజీలు నడిపేవాళ్లు ఒకప్పుడు ఇతరుల కథనాల కార్డుల మీద శీర్షికనూ బొమ్మనూ మార్చేయగలిగేవాళ్లు. ఈ వీలు తప్పుడు ప్రచారానికి పనికొస్తోందని తెలిసి 2017లో దాన్ని తీసేశారు.

కార్డులోనే విషయమంతా చెప్పేస్తే లోపలికి ఎవరొస్తారు, ప్రకటనల ఆదాయం ఎలా వస్తుంది అన్న అభ్యంతరం మాత్రం బరువైనది. చిన్న పత్రికలకు అది బతుకు సమస్య. అయినా లెక్క మరోలా వేసి చూడాలి. వివరం కావాల్సినవాళ్లు ఎలాగూ లోపలికి వస్తారు. రానివాళ్ల దగ్గర ఆ సైటు పేరుతో మిగిలేది కార్డు ఒక్కటే. అది సగం నిజం చెబితే ఆ సగమే సైటు చెప్పిన మాటగా ఊరంతా తిరుగుతుంది. పైగా వాట్సాప్‌లో దాన్ని వెనక్కి పిలిచే దారి సైటుకు లేదు. అక్కడ సందేశాలు ఎన్‌క్రిప్షన్‌లో, అంటే సంస్థకు కూడా చదవ వీలుకాని రూపంలో, ఉంటాయి కాబట్టి పంపినవారి ఫోనే పేజీకి వెళ్లి కార్డు కట్టి సందేశంతో పంపుతుంది. ఆ తర్వాత సైటువాళ్లు శీర్షిక సరిదిద్దినా అప్పటికే వెళ్లిన కార్డు మారదు. ఫేస్‌బుక్‌లోనైతే సరిదిద్దినవాళ్లు క్రాలర్‌ను మళ్లీ పంపించి పాత ప్రతిని మార్పించుకునే వీలుంది.

నిజానికి ఓపెన్ గ్రాఫ్‌లో వ్యాసాల కోసం మరికొన్ని ట్యాగులున్నాయి: ప్రచురించిన సమయం, సవరించిన సమయం, ఆ సమాచారం ఎప్పటితో కాలం చెల్లుతుందో చెప్పేది. సైటు కట్టేవాళ్లు వీటిని నింపవచ్చు. మనం రోజూ చూసే వాట్సాప్ కార్డు మీద మాత్రం తేదీ కనబడదు. అందుకే ఎప్పటిదో తుఫాను హెచ్చరిక ఇవాళ్టిదిగా చలామణి కాగలుగుతోంది. 2020 జూన్‌లో ఫేస్‌బుక్ 90 రోజులు దాటిన కథనాన్ని పంచుకోబోయేవారిని హెచ్చరించడం మొదలుపెట్టింది కాబట్టి తేదీని గమనించి పాఠకుడికి చెప్పడం అసాధ్యమేమీ కాదు. ఆ తేదీని కార్డు మీదే, సైటు పేరు పక్కన, అందరికీ కనబడేలా వేయాలి. వాట్సాప్ ఆ పని చేసేదాకా తేదీ ముఖ్యమైన ప్రతి కథనానికీ సైటువాళ్లే కార్డు శీర్షికలో దాన్ని రాసేయవచ్చు.