ఎనిమిది వేషాల సులోచన

అనార్కలి అంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు 1955 తెలుగు సినిమాలోని అంజలీదేవి గుర్తొస్తుంది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, సినిమాకింకా మాటలు రాని 1928లోనే ఆ వేషం కట్టిన ఆవిడ ఒకరున్నారు. పేరు సులోచన. అసలు పేరు రూబీ మయ్యర్స్. పూనాలో యూదుల ఇంట పుట్టింది. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు పని చేసుకునేది. సినిమాలకు రమ్మని మోహన్ భవ్నానీ అడిగితే మొదట ఒప్పుకోలేదట. ఆ రోజుల్లో ఆడవాళ్ళు తెరమీదికొస్తే లోకం ఊరుకునేదా మరి!

1927లో వచ్చింది 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'. అందులో ఆవిడ ఒక్కతే ఎనిమిది వేషాలు వేసింది. తోటమాలి, పోలీసు, వీధిపిల్లాడు, తెల్లదొరసాని, చివరికి హైదరాబాదు పెద్దమనిషి కూడా! ఆవిడ జీతం బొంబాయి గవర్నరు జీతాన్ని మించిందని జనం చెప్పుకునేవారు.

1931లో టాకీ వచ్చింది. మిల్లులోకి కొత్త మిషను దిగితే చేతిపని తెలిసినవాళ్ళ గతి ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సులోచనకు హిందుస్తానీ సరిగా రాదు. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. పని ఆపుకొని భాష నేర్చుకుంది. 1932లో 'మాధురి' టాకీతో మళ్ళీ నిలబడింది. 1935లో మరోసారి అనార్కలి అయింది. తర్వాత కొత్త ముఖాలొచ్చాయి, వేషాలు చిన్నవయ్యాయి. 1953 హిందీ 'అనార్కలి'లో ఆవిడకు దక్కింది సలీం తల్లి వేషం. 1973కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. 1983లో బొంబాయిలో కన్నుమూసింది.

ఆ ఎనిమిది వేషాల బొమ్మ ఈరోజు ఎక్కడా లేదు. అప్పటి ఫిల్ముకు చిన్న నిప్పురవ్వ చాలు, భగ్గుమనేది. పెట్టెలో ఉంచినా పొడైపోయేది. పాతబడిన ఫిల్ములను కరిగించి అందులోని వెండిని తీసుకునేవారు కూడా. కోలారులో రాయిని నలిపి బంగారం తీశారు. అక్కడ మనుషుల కష్టాన్ని కరిగించి వెండి తీశారు. సినిమాలను దాచడానికి పూనాలో సర్కారు భాండాగారం పెట్టేసరికి 1964 వచ్చింది. అప్పటికే మూగసినిమాలు చాలావరకు పోయాయి.

అందుకే వేమగల్ అక్కయ్యలూ, అన్నయ్యలూ, ఒక్క మాట. మీ ట్రంకుపెట్టెలో తాతగారి గని ఫొటోలు, అమ్మ మిల్లు పాసు, టెంటు సినిమా పాటల పుస్తకాలు ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. వెనకాల పేరు, సంవత్సరం రాసి పిల్లలకు చూపించండి. మన కష్టానికి గుర్తు మనమే దాచుకోవాలి.